రంగులెరిగిన చేతులు

భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. అక్కడి సీతవాగులో రాళ్లమీద రంగు చారలు కనిపిస్తాయి. వనవాస కాలంలో సీతమ్మ తడి చీరలను ఆరవేయగా పడిన గుర్తులవి అని భక్తులు చెప్పుకుంటారు. ఆ చారలకు భూగర్భ శాస్త్రజ్ఞులు వేరే కారణం చెప్పవచ్చు. కాని ఒక స్త్రీ చీర రంగు రాతికి అంటుకొని యుగాలపాటు నిలిచిందని నమ్మిన జనం రంగుకు ఎంత విలువనిచ్చారో ఆ నమ్మకమే తెలుపుతుంది. అదే గోదావరి ఒడ్డున నేడు మరికొందరు స్త్రీలు పొద్దస్తమానం రంగుల మధ్యనే కాలం గడుపుతున్నారు. వారిని గురించి స్థలపురాణాలు లేవు. వారు మ్యాచింగ్ సెంటర్లలో పనిచేసే ఆడవాళ్లు.

మ్యాచింగ్ సెంటరు అన్న పేరులో రెండు మాటలూ ఇంగ్లీషువే. ఆ దుకాణం మాత్రం అచ్చంగా మనది. చీరకు తగిన రవిక గుడ్డ, లైనింగు, ఫాల్, లంగా, దారపు రీళ్లు, హుక్కులు, గుండీలు, లేసులు, బొందెలు ఇవన్నీ ఒకే చోట దొరికే చిన్న కొట్టు అది. పెద్ద బట్టల దుకాణాల ముందు అద్దాలలో బొమ్మలు నిలబడి ఉంటాయి. మ్యాచింగ్ సెంటరుకు ఆ ఆడంబరం లేదు. నేలనుంచి కప్పుదాకా అరలు, ఆ అరలనిండా మడతపెట్టిన తానులు, ఒక పక్కనుంచి మరో పక్కకు తెలుపు, గోధుమ, పసుపు, నారింజ, ఎరుపు, మెరూన్, ఊదా, నీలం, ఆకుపచ్చ, నలుపు ఇలా వరుసగా పరిచిన వర్ణమాల. సూరత్ నుంచి, ఈరోడ్ నుంచి, రాజస్థాన్‌లోని బాలోత్రా నుంచి బయలుదేరిన గుడ్డ ఎన్నో చేతులు మారి ఈ అరలకు చేరుతుంది. ఖమ్మం కమాన్ బజారులోను, కొత్తగూడెంలోను, పాల్వంచలోను, భద్రాచలంలోను ఇటువంటి దుకాణాలున్నాయి. సాధారణంగా యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. గుడ్డ సంగతి తెలిసినవారు మాత్రం బల్లకు లోపలివైపున నిలబడి ఉంటారు.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారి కొత్తగూడెం దాటాక క్రమంగా అడవిలోకి జొరబడుతుంది. పాల్వంచ దాటి, సారపాక కాగితపు మిల్లు దాటితే గోదావరి. 1965లో వారధి ప్రారంభమయ్యేదాకా నదిని దాటడానికి పడవలే దిక్కు. తాలూకా కూడా అనేక చేతులు మారింది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తరువాత ఖమ్మంలో కలిసింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, పట్టణం తెలంగాణలో మిగిలింది. అందువల్ల ఊరి చివరి వీధి దాటితే రాష్ట్రమే మారుతుంది. ఎటపాక, చింతూరు, కూనవరం ప్రాంతాలవారు, చర్ల, దుమ్ముగూడెం మండలాలవారు, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపువారు బజారు పనులకు ఈ ఊరికే వస్తారు. సరిహద్దులు పటంలో మారుతూ వచ్చినా, చీరకు రవిక గుడ్డ కావలసినప్పుడు వెళ్లే దారి మారలేదు.

అడవి అంచున బేరానికి ఒక కాలచక్రం ఉంది. వేసవికి ముందు ఇప్పపువ్వు రాలుతుంది. ఆ తరువాత తునికాకు కోత వస్తుంది. మిరపతోటలలో కోతకూలి చేతికందేదీ ఇంచుమించు ఆ రోజులలోనే. అవే పెళ్లిళ్ల రోజులు కూడా. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున స్వామివారికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించే వేడుక ఈ ఊరి ప్రత్యేకత. దానిని కళ్లారా చూడడానికి వేలాదిమంది వస్తారు. అదే వారంలో పక్క వీధిలో, కూలి డబ్బులు కొంగున ముడివేసుకొని ఒక తల్లి తన కూతురి పెళ్లి చీరకు 80 సెంటీమీటర్ల గుడ్డ కొనడానికి అరగంట సేపు నిలబడి ఉంటుంది. ఆమెకు అది చిన్న బేరం కాదు. ఆ సంగతి బల్లకు అవతల ఉన్న మనిషికి తెలుసు.

ఆ అరగంటలో జరిగేది గమనించదగినది. తల్లి సంచిలోంచి చీర తీసి బల్లమీద పెడుతుంది. "అక్కా, దీనికి సరిపోయే ముక్క చూడవా?" అని అడుగుతుంది. పనిచేసే ఆమె చీరను పూర్తిగా విప్పదు. పైటచెంగు ఒకసారి, అంచు ఒకసారి, లోపలి కుచ్చిళ్ల భాగం ఒకసారి చూస్తుంది. ఎక్కువ చీరలలో ఒకే రంగు ఉండదు; పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయినప్పుడు చూసే కోణాన్నిబట్టి చీర మారిపోతుంది. అరలలోంచి నాలుగు తానులు దించుతుంది. వాటిలో రెండింటిని చీర పక్కన పెట్టగానే తీసివేస్తుంది. మిగిలిన రెండింటినీ, చీరనూ పట్టుకొని, "వెలుగులో చూద్దాం రా చెల్లీ" అంటూ గుమ్మం దాకా నడుస్తుంది.

ఈ నడకలోనే ఆ వృత్తి మర్మం ఉంది. రెండు గుడ్డలకు అద్దిన రంగులు వేరువేరు రసాయనాలతో తయారైనవైతే, దుకాణంలోని ట్యూబులైటు కింద అవి ఒకటిగానే కనిపించి, ఎండలోకి రాగానే విడిపోతాయి. భౌతికశాస్త్రంలో దీనిని మెటామెరిజం అంటారు. ఆ మాట వినని స్త్రీలు కూడా ఈ దోషాన్ని అనుభవంతో గుర్తించారు. ఇంటికి వెళ్లాక, మరునాటి పొద్దున, కుట్టించేశాక బయటపడే దోషం అది. అప్పటికి గుడ్డ కత్తెర పాలై ఉంటుంది. తిరిగి ఇవ్వడానికి వీలుండదు. గుమ్మం దాకా నడిచే ఆ పది అడుగులు కూలినాలి చేసే కుటుంబానికి ఒక పూట సంపాదనను మిగిల్చవచ్చు.

రంగు కుదిరిన తరువాత రెండవ ప్రశ్న కొలత. మామూలు చేతుల రవికకు 80 సెంటీమీటర్లు చాలు. క్రాస్ కటింగైతే, చేతులు పొడుగైతే, మీటరు కావాలి. క్రాస్ అంటే పడుగుపేకలకు ఐమూలగా గుడ్డను కత్తిరించడం; అలా కోసిన గుడ్డ కాస్త సాగి ఒంటికి అమరుతుంది, కాని వృథా ఎక్కువ. మూడవ ప్రశ్న లైనింగు. నూలు లైనింగు నీటికి కుదించుకుపోతుంది, పైనున్న పాలియెస్టరు కుదించుకోదు. ముందుగా తడిపి ఆరబెట్టకుండా కుట్టితే మొదటి ఉతుకుకే రవిక లోపలికి ముడుచుకొని ముడతలు పడుతుంది. ఫాల్ సంగతీ అంతే. ముదురు ఎరుపు గుడ్డ అయితే ఒక మూలను తడిపి తెల్లగుడ్డమీద రుద్ది చూడాలి. పల్చని పట్టుకు 11వ నంబరు సూది, మామూలు రవికకు 14, మందపు గుడ్డకు 16 లేదా 18. ఇవేవీ దుకాణం గోడమీద రాసి ఉండవు. అడిగినవారికి, కొన్నిసార్లు అడగనివారికి కూడా, బల్ల అవతలినుంచి మాటలలో అందుతాయి.

ఎందుకు అందుతాయన్నది ఆలోచించవలసిన విషయం. ఈ పనిలో నిలదొక్కుకున్న వారిలో చాలామంది స్వయంగా కుట్టుపని వచ్చినవారు. పనికి కుదిరేటప్పుడు యజమాని అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి కాకపోవచ్చు. కుట్టడం వచ్చా అన్న ప్రశ్న తప్పక ఉంటుంది. కుట్టడం రానివారు గుడ్డను అమ్మగలరు గాని దాని భవిష్యత్తును ఊహించలేరు. కుట్టడం వచ్చినవారి కళ్లకు తానులోనే రవిక కనిపిస్తుంది. ఇష్టం లేకుండా ఇంత ఓపిక రాదు. ఇంటివద్ద రాత్రిపూట నాలుగు రవికలు కుట్టి, ఉదయం దుకాణానికి వచ్చి, మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు కొత్త మెడ నమూనాను పాత కాగితంమీద సుద్దతో గీసి పక్క మనిషికి చూపించే స్త్రీలు వీరు. పడవ మెడ, కుండ మెడ, పఫ్ చేతులు, వెనుక దారాలు ఈ చర్చలు విద్వత్సభలలోని పూర్వపక్ష సిద్ధాంతాలకు ఏమాత్రం తీసిపోవు.

ప్రాచీనులు ఈ విద్యను బొత్తిగా విస్మరించలేదు. అమరకోశంలో కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అన్న పర్యాయపదాలున్నాయి. సూచి అంటే సూది. సూదితో బతికేవాడు సౌచికుడు. తెలుగులో రవికకు కుప్పసము అన్న మాట ఉంది. దాని రూపాంతరమైన కుబుసము పాము విడిచే పొరకు కూడా పేరు. సంస్కృతంలోని కంచుకానికీ ఈ రెండు అర్థాలే. ఒంటికి అచ్చంగా అమరినదే మంచి రవిక అని ఆనాటి భాషే నిర్ణయించినట్లుంది. పారసీకంనుంచి వచ్చిన దర్జీ, ఇంగ్లీషునుంచి వచ్చిన టైలరు ఆ తరువాతి మాటలు. తెలంగాణలో మేర కులస్థులు తరతరాలుగా ఈ పనిని నిలిపినవారు. అడవిలోపల కోయల ఇలవేల్పుల కొలుపులలో పడిగె అనే ముక్కోణపు గుడ్డ పతాకం ఉంటుంది. గోత్రాల కథలు బొమ్మలుగా దానిమీద నిలిచి ఉంటాయి. ఆ కథలను డోలి మీద పాడిన మణుగూరు ప్రాంతపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. గుడ్డను చదవడం ఈ నేలకు కొత్త కాదు.

చిత్రమేమిటంటే, చీర అసలు కుట్టని వస్త్రం. శుభకార్యాలలో కుట్టని వస్త్రానికే పవిత్రత ఎక్కువ. అటువంటి చీర నేడు ఫాల్, పికో, రవిక అన్న మూడు కుట్లు లేనిదే గడప దాటడం లేదు. ఈ మూడు కుట్లమీదనే వేల కుటుంబాల జీవనం ఆధారపడి ఉంది.

కుట్టు మిషను ప్రపంచంలోకి వచ్చినప్పుడు ఇంత ఆదరణ దొరకలేదు. ఫ్రాన్సులో తిమొనియే అనే దర్జీ 1830లో ఒక యంత్రానికి పేటెంటు పొంది, సైనికుల దుస్తులు కుట్టడానికి వాటిని నెలకొల్పాడు. తమ కూడు పోతుందని భయపడిన పారిస్ దర్జీలు మరుసటి ఏడాది ఆ యంత్రాలను ధ్వంసం చేశారు. అమెరికాలో ఎలియాస్ హోవె 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందారు. యంత్రాలను అంతగా ఇష్టపడని గాంధీజీ సైతం సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమను చూడలేక సింగర్ దానిని కనిపెట్టాడని ఆయన 1924లో ఒక సంభాషణలో మెచ్చుకున్నారు. చరిత్రలో ప్రేమకంటె పేటెంటు వ్యాజ్యాలే ఎక్కువగా కనిపిస్తాయి; అయినా గాంధీజీ చూసిన విషయం నిజమే. ఇంటిలో ఒక మూలన ఇమిడి, ఒక మనిషి శ్రమను తగ్గించి, ఆ మనిషిని బయటకు తరమని యంత్రం అది. సింగర్ కంపెనీ మరో పని కూడా చేసింది: వాయిదాల మీద మిషనును అమ్మడం మొదలుపెట్టింది. భద్రాచలం దారిలోని స్త్రీలకు నేటికీ మిషను చేరే మార్గాలలో అదొకటి. నెలనెలా జీతంలోంచి కొంత, పొదుపు సంఘం అప్పులోంచి కొంత. కరెంటు పోయినా కాలితో తొక్కే మిషను ఆగదు. అడవి అంచు ఊళ్లలో అది చిన్న సౌకర్యం కాదు.

ఇంత నేర్పు గలవారికి ఆ దుకాణంలో దక్కేది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. జీతం గుడ్డ కోసినందుకు ఇస్తారు. రంగు తెలిసినందుకు, కొలత చెప్పినందుకు, నష్టం తప్పించినందుకు వేరే లెక్క లేదు. పైగా పొద్దున షట్టరు ఎత్తినప్పటినుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉండాలి. కూర్చుంటే కొనుగోలుదారుకు మర్యాద తగ్గుతుందని ఒక నమ్మకం బట్టల కొట్లలో చాలాకాలంగా పాతుకుపోయింది. పట్టణాల్లోని పెద్ద దుకాణాలలో ఇది మరీ కఠినం. చిన్న కొట్టులో స్టూలు ఉంటుంది. దాని మీద తానులు ఉంటాయి.

ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో ఒకరు కూడా కుట్టుపనిమనిషే కావడం విశేషం. కేరళలోని కోళికోడులో బట్టలు కుట్టి జీవించిన పి. విజి అనే ఆమె, బజారు దుకాణాలలో పనిచేసే స్త్రీలను పెణ్‌కూట్టు అన్న పేరుతో కూడగట్టారు. మూత్రవిసర్జనకు చోటు కావాలి, కూర్చోవడానికి హక్కు కావాలి అన్నవి వారి కోరికలు. ఎంత చిన్న కోరికలో! వాటికోసం ఏళ్ల తరబడి పోరాడవలసివచ్చింది. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును గుర్తించింది. అదే ఏడాది బి.బి.సి. ప్రకటించిన వందమంది మహిళల జాబితాలో విజి పేరు చేరింది. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టం చేసింది. రంగును చూడడానికి కళ్లు కావాలి, నిలబడడం అక్కరలేదు; ఇది ఎవరికైనా తోచవలసిన మాట.

ఇబ్బంది యజమానికీ లేకపోలేదు. కుట్టి సిద్ధంగా ఉన్న రవికలు ఇప్పుడు ఫోనులో ఒక మీట నొక్కితే ఇంటికి వస్తున్నాయి. సాగే గుడ్డతో చేసిన రవికకు కొలతలే అక్కరలేదు. గోదావరి మరో యజమాని. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2022లో వారధిమీద రాకపోకలు ఆపివేశారు. వరదలో గుడ్డ కన్న దయనీయమైన సరుకు లేదు. తడిసిన బియ్యాన్ని కోళ్లకైనా వేయవచ్చు, బురద పట్టిన తానును ఎవరూ ముట్టరు. నీరు తీసిన తరువాత రంగుల వరుసను మళ్లీ మొదటినుంచి పేర్చవలసినవారు ఆ స్త్రీలే.

కాలం కొన్నిసార్లు అనుకూలంగానూ తిరుగుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా పొదుపు సంఘాల స్త్రీలు మాస్కులు కుట్టారు. తెలంగాణలో సర్కారు బడి పిల్లల యూనిఫారాలను స్వయం సహాయక సంఘాలకు అప్పగించి, 2024లో కుట్టుకూలిని జతకు 50 రూపాయలనుంచి 75 రూపాయలకు పెంచారు. గుడ్డ ప్రభుత్వానిది, దారం, సూది, కరెంటు, నడుము నొప్పి కుట్టేవారివి. అయినా బడి తెరిచే ముందు రోజులలో ఈ ఊళ్లలో రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. పగలు మ్యాచింగ్ సెంటరులో నిలబడినవారే రాత్రి ఆ మిషన్ల ముందు కూర్చుంటారు. అన్నట్టు, రోజంతటిలో వారు కూర్చునే సమయం అదే.

అనుభవం గలవారి కుట్టుకు ఒక ఆనవాలు ఉంటుంది. రవిక పక్కలలో, లంగా అంచులో, యూనిఫారం చొక్కా చేతుల చివర రెండంగుళాల గుడ్డను లోపలికి మడిచి వదులుతారు. దానిని మార్జిన్ అంటారు. పైకి కనిపించదు. లాభం లెక్కవేసే కార్ఖానాలో ఆ రెండంగుళాలు వృథా కింద జమ. పిల్ల ఏడాదికి ఎంత ఎదుగుతుందో తెలిసినవారికి అది వచ్చే సంవత్సరపు బట్ట. మిరపకోతకు పోయే తల్లి కొత్త జత కొనలేని ఏడాది, పాత కుట్టు విప్పితే లోపలి గుడ్డ కొత్త రంగుతో బయటకు వస్తుంది. వెలిసిన గుడ్డ పక్కన వెలవని గుడ్డ ఒక చారలా కనిపిస్తుంది. ఆ చారను చూసి తరగతిలో తోటివారు నవ్వడమూ కద్దు. దుకాణంలో ఆ తల్లికి గుడ్డ కోసి ఇచ్చేటప్పుడే, "మీటరు తీసుకో చెల్లీ, లోపల వదులు పెట్టించు, చార పడితే పైన ఈ సన్న లేసు వేయించు" అని పనిచేసే ఆమె చెప్పి పంపుతుంది. లేసు విడిగా అమ్మితే బేరం అవుతుంది. ఆమె మాత్రం తాను చివర మిగిలిన మూర ముక్కను కాగితంలో చుట్టి గుడ్డతోపాటు సంచిలో వేస్తుంది.

రాత్రి దుకాణం కట్టేసే ముందు నేలమీద పడిన కత్తిరింపులను ఊడ్చి ఒక చోట పోగుచేస్తారు. చేతివెడల్పు ఉన్నవి బొంతకు పనికివస్తాయి; అంతకు చిన్నవి తలగడలోకి. మెరూను, ఊదా, ఆకుపచ్చ ముక్కలను విడదీసి, ఎవరికి కావలసినవి వారు సంచులలో వేసుకొని, ఆఖరి బస్సు వేళకు వారధి వైపు నడుస్తారు.